గ్రిడ్ దగ్గర అమ్మ

మా అమ్మ గిటారు యాంప్లిఫయర్లు తయారు చేసేది. చేసేది అమ్మే అయినా వాటి ముందు పలక మీద పేరు మాత్రం మా మామయ్యది. అమ్మకు సొంత అన్నయ్య. ఎవరైనా కొనడానికి వస్తే చాలు, కుర్చీలోంచి లేచి, "అంతా నా చేతి పనే," అనేవాడు. లోపలి గదిలో టంకం పెడుతూ అమ్మ ఆ మాట వినేది. నేనైతే పళ్లు నూరుకునేదాన్ని.

ట్యూబులతో నడిచే యాంప్లిఫయర్‌లో అసలు తంటా గ్రిడ్ దగ్గర ఉంటుంది. గ్రిడ్ అంటే ట్యూబు లోపలి సన్నటి తీగ చుట్ట. గిటారు శబ్దం ట్యూబులోకి దూరే గుమ్మం అదే. ఆ గుమ్మం ముందు ఒక రెసిస్టరును కాపలా పెట్టాలి. దాని విలువ మరీ తక్కువైతే ట్యూబు తనంతట తానే సన్నగా కూత పెడుతుంది. మరీ ఎక్కువైతే కూత పోతుంది గానీ, తీగల మెరుపు కూడా పోయి గిటారు దుప్పటి కప్పుకుని మోగినట్టుంటుంది. ఏదో ఒకటి పెట్టి చేతులు దులుపుకునే రకం కాదు అమ్మ. విలువ కొద్దికొద్దిగా తగ్గిస్తూ, కూత మొదలయ్యే చోటు పట్టుకుని, దానికి కాస్త పైన ఆగేది.

అమ్మ ఆ పని చేస్తున్నంతసేపూ మామయ్య ఎదురుగా కూర్చుని తల పంకించేవాడు. ఆయన చూసేది యంత్రాన్ని కాదు, అమ్మ మొహాన్ని. సన్నటి శబ్దాలు ఆయన చెవులకు వినబడడం ఎప్పుడో మానేశాయి. అమ్మ కనుబొమ్మ లేస్తే, "కూత వస్తోంది, మార్చు," అనేవాడు గొప్పగా. అమ్మకు సంగతంతా తెలుసు. అన్నయ్య పరువు కదా అని కడుపులో దాచుకుంది.

ఒకనాడు అమ్మ, "పలక మీద నా పేరు కూడా వేయించు అన్నయ్యా," అంది.

"టంకం పెట్టే ప్రతివాళ్ల పేరూ వేస్తే పలక చాలదమ్మా," అని నవ్వాడు మామయ్య. కొనడానికి వచ్చినవాళ్లూ నవ్వారు. అమ్మ ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా, "చెప్తా ఈయనగారి సంగతి," అంది.

ఆ తర్వాత కొన్నాళ్లకే, సంగీతం బడిలో గిటారు వాయించేవాళ్లందరి ముందూ కొత్త యాంప్లిఫయర్ చూపించాల్సి వచ్చింది. పేరున్న గిటారిస్టు ఒకాయన వాయించి చూసి, మెరుపు ఇంకాస్త కావాలన్నాడు.

"దానిదేముంది. గ్రిడ్ రెసిస్టరు తీసి వంద ఓములది పెట్టమ్మా," అన్నాడు మామయ్య అందరికీ వినబడేలా.

వంద మరీ తక్కువ; పెడితే ఏమవుతుందో అమ్మకు తెలుసు. "సరే అన్నయ్యా," అని, కరెంటు తీసి, చెప్పింది చెప్పినట్టే మార్చింది.

స్విచ్ వేయగానే చెవుల్లో సూది దించినట్టు కూత మొదలైంది. మామయ్య అలవాటుగా అమ్మ వంక చూశాడు. అమ్మ మొహంలో ఏ మార్పూ లేదు. దాంతో ఆయన జనం వైపు తిరిగి, "విన్నారా, ఎంత శుభ్రంగా ఉందో," అన్నాడు. ముందు వరసలో అందరూ చెవులు మూసుకుని ఉన్నారు.

మామయ్య మొహం పాలిపోయింది. అమ్మ దగ్గరకు వంగి, "కూతేమైనా వస్తోందా?" అని గుసగుసగా అడిగాడు.

"అందరికీ వినబడుతోంది అన్నయ్యా, నీకొక్కడికే వినబడట్లేదు," అంది అమ్మ, గది మొత్తానికీ వినబడేలా.

గిటారిస్టు మామయ్యను వదిలేసి అమ్మ వైపు తిరిగాడు. "మరి ఇన్నాళ్లూ వీటి విలువలు ఎవరు చూశారమ్మా?"

"నేనే," అంది అమ్మ.

మామయ్య బయటికి వెళ్లిపోయాడు. తోడబుట్టినవాణ్ణి నలుగురిలో అంత మాట అనాలా అని చాలామంది అమ్మను తప్పుబట్టారు. అమ్మ బాధపడలేదు. నేనూ పడలేదు.