నేను రాని రోజు నేను చెప్పిన మాటలు

నేను దయ్యాలను నమ్మను. నమ్మేదాన్నయితే అనంతపురంలో ఓ ఆసుపత్రి సర్జరీ వార్డులో ఇన్నేళ్లు నర్సుగా పనిచేసేదాన్నే కాదు. ఆ మూల మంచం దగ్గర ఎవరో తిరుగుతారని కొత్తగా చేరిన పిల్లలు గుసగుసలాడితే, ముందు సెలైన్ అయిపోయిందేమో చూడండమ్మా అనే రకాన్ని.

ఆపరేషన్‌కు ముందు రోజు రోగి పక్కన కూర్చుని, జరగబోయేదంతా విడమరచి చెప్పడం నా పని. థియేటర్‌లో చలిగా ఉంటుంది, మత్తు ఇలా ఇస్తారు, లేచాక గొంతు ఎండుకుపోతుంది, అడిగిన వెంటనే నీళ్లివ్వరు. తెలిస్తే సగం భయం పోతుంది. ఈ పనంటే నాకు ప్రాణం.

నారాయణప్ప ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. పిత్తాశయంలో రాళ్లు. అప్పటికే రెండుసార్లు మా దగ్గర చేరి, రెండుసార్లూ ఆపరేషన్ రోజు పొద్దున్నే చెప్పాపెట్టకుండా బస్సెక్కేశాడు. మత్తిస్తే మళ్లీ లేవనని భయం. ఈసారీ తప్పించుకుంటే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు గట్టిగా చెప్పారు.

ఆయనకు నేను చెప్పాల్సిన రోజే మా అక్క కూతురి నిశ్చితార్థం. సెలవు పెట్టి రాయదుర్గం వెళ్లాను. అక్కడ ఉన్నంతసేపూ ఆయన గురించే దిగులు. మర్నాడు పొద్దున్నే, మంచం ఖాళీగా ఉంటుందనుకుంటూనే వార్డుకు పరుగెత్తాను.

ఖాళీగా లేదు. థియేటర్ గౌను వేసుకుని, భార్య రత్నమ్మతో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. నేను స్టూలు లాక్కుని మొదలుపెట్టబోతే ఆపేశాడు.

"మళ్లా ఎందుకమ్మా? నిన్ననే అంతా చెప్పితివి గదా."

ఇంకెవరినో చూసి పొరబడ్డాడనుకున్నాను. రత్నమ్మ ఒప్పుకోలేదు. "నువ్వేమ్మా. కండ్లద్దాలు తుడుచుకుంటా ఈడనే కూచోని చెప్పితివి." పక్క మంచం ఆయన కూడా తలూపాడు. చలి, ఎండే గొంతు, నీళ్లు, నేను చెప్పే వరసలోనే మొత్తం ఒప్పజెప్పాడు నారాయణప్ప.

"ఆ మగ్గం మాట చెప్పినావు చూడు, అప్పుడు పోయింది నా భయం" అన్నాడు.

ఏం మగ్గం మాట అని అడిగాను. మగ్గం మీది పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోతే పాత పోగుల కొసలను వదలరట. వేళ్లకు బూడిద అద్దుకుని, ఒక్కో కొసకూ కొత్త పోగు మెలివేసి అతుకుతారట. "అతికేవరకే మగ్గం నిలుపుతారు, పోగులు యాడికీ పోవు. మత్తూ అంతే, పక్కన డాక్టరు కూచోని ఒక్కో పోగూ చూస్తాంటాడు అంటివి."

మాది బత్తలపల్లె దగ్గర శనక్కాయ పండించుకునే ఇల్లు. మగ్గం గుంటలో కాలు పెట్టినదాన్ని కాదు. ఆ అతుకుడు సంగతి నేను వినడం అదే మొదటిసారి.

ముందు రోజు డ్యూటీలో ఉన్న సిస్టర్‌ని అడిగాను. ఆయన దగ్గరికి ఎవరూ వెళ్లి కూర్చోలేదంది. ఆ మధ్యాహ్నం రాయదుర్గంలో పంక్తిలో లడ్డూలు వడ్డిస్తున్న నా ఫొటోలు ఫోన్‌లోనే ఉన్నాయి. రత్నమ్మకు చూపించాను. ఆమె తేరిపార చూసి, "ఈ చీరలో బాగుండావమ్మా" అంది. నాకు నవ్వాగలేదు.

నారాయణప్ప థియేటర్‌కు తన కాళ్లతో నడిచి వెళ్లాడు. ఆపరేషన్ చక్కగా జరిగింది. మత్తు వదిలాక నీళ్లు కూడా అడగలేదు. నన్ను చూసి, ఎండిన గొంతుతోనే, "అతుక్కునిందమ్మా" అన్నాడు. రత్నమ్మ ఏడుస్తూ నవ్వింది. నేనూ అంతే.

ఆ మాటలు ఆయనకు ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలీదు. ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. భయం మాత్రం వేయలేదు, సంతోషమే వేసింది.

ఇప్పుడు కొత్త రోగి దగ్గర కూర్చున్నప్పుడల్లా, నాకంటే ముందు ఎవరైనా వచ్చి చెప్పారా అని అడుగుతాను. లేదమ్మా అంటారు. కాస్త నిరాశపడి, మొదలుపెడతాను.