బ్యాటరీకి జానెడు దూరంలో

మా పెదనాన్న గంగయ్యకి రాజమండ్రి లాంచీల రేవులో ఒక పేరుండేది, జానెడు గంగయ్య అని. మనిషి పొట్టివాడేం కాదు. ఏ లాంచీలో వైరింగు చేసినా ముందు బ్యాటరీ మీద చిటికెన వేలు ఆనించి, వేళ్ళు బార్లా చాపి, బొటనవేలు ఎక్కడికొస్తే అక్కడ ఫ్యూజు బిగించేవాడు. "అది దాటి అంగుళం జరిపినా నేను గంగయ్యని కాను" అనేవాడు. లాంచీ ఓనర్లు వెనకాల నవ్వుకునేవారు గానీ, పని పడితే ఆయన్నే పిలిచేవారు.

ఆ జానెడు లెక్క ఎందుకో నాకు బోలెడుసార్లు చెప్పాడు, వినేవాళ్ళు ఇంకెవరూ దొరక్క.

"ఉషా, ఫ్యూజు ఉండేది ఫ్రిజ్ కోసమో లైటు కోసమో కాదమ్మా, వైరు కోసం. ఫ్యూజు దాటాక వైరు ఎక్కడ షార్టయినా ఫ్యూజు కాలి కరెంటు ఆపేస్తుంది. అదే ఫ్యూజుకి ముందు, బ్యాటరీ వైపు షార్టయిందనుకో, దానికి తెలియనే తెలియదు. బ్యాటరీలో ఉన్నదంతా ఆ వైరులో దిగిపోద్ది. కిందేమో డీజిలు, చుట్టూ గోదారి. ఎక్కడికి పరిగెడతావు?"

నేనప్పుడు బీకాం రెండో ఏడు. నాకెందుకు పెదనాన్నా ఈ గోల అని విసుక్కునేదాన్ని.

మాది చేపల వేట మీద బతికిన కుటుంబం. నాన్నకి తొమ్మిదేళ్ళప్పుడు తాతయ్య వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. అప్పట్నుంచి నాన్నని పెంచింది పెదనాన్నే. తను వల పక్కన పడేసి ఎలక్ట్రీషియన్ దగ్గర పనికి కుదిరి, తమ్ముణ్ణి లాంచీ నడపడానికి పెట్టాడు. పెద్దమ్మ పోయాక, పిల్లలు కూడా లేకపోవడంతో ఆయనకి రెండు పూటలా మా ఇంట్లోనే భోజనం. మా నాన్న బుల్లబ్బాయి నలభై దాటిన మనిషి, పెద్ద లాంచీ నడిపే సరంగు. అన్నగారు మాత్రం కంచంలో ఇంకో చేప ముక్క వేయించి "తినరా, ఎండిపోయావు" అనేవాడు. నాన్న బొజ్జ చూస్తే ఆ మాటకి ఎవరికైనా నవ్వొచ్చేది.

నాన్న నడిపే లాంచీ భీమరాజు గారిది. పాపికొండలు చూడ్డానికి వచ్చేవాళ్ళని ఎక్కించుకుని వెళ్ళేది. రెండువేల రెండు వేసవిలో ఆయనకి లాంచీలో చల్లటి కూల్‌డ్రింకులు అమ్మాలని బుద్ధి పుట్టింది. కాకినాడలో పాత ఓడ సామాన్లలో బ్యాటరీ మీద నడిచే ఫ్రిజ్ ఒకటి కొనుక్కొచ్చాడు. దానికి వైరింగు చేసింది పెదనాన్నే. లైట్ల వైరుకి కలపనివ్వలేదు. ఫ్రిజ్‌కి విడిగా లావు వైరు లాగాడు. ఇంజను గదిలో చెక్కల కింద బ్యాటరీలుంటే, వాటికి జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టాడు.

చిక్కల్లా అక్కడే వచ్చింది. ఎండకి కాగిపోయిన సీసాలు రెండు పెట్టెలు ఒక్కసారే ఫ్రిజ్‌లో కుక్కితే, ఆ ముసలి ఫ్రిజ్ మొరాయించి ఫ్యూజు పోయేది. పోయినప్పుడల్లా నాన్న స్టీరింగు ఇంకొకరికి అప్పజెప్పి, చెక్కలు లేపి, ఇనప నిచ్చెన మీంచి ఆ గోతిలోకి దిగాలి. నాన్నకి కుడి మోకాలు సరిగ్గా వంగదు. దిగడం ఒక ఎత్తు, ఎక్కడం ఇంకో ఎత్తు. మిగతా లాంచీల్లో ఫ్యూజులన్నీ స్టీరింగు పక్కనే, చేతికందేటట్టు ఉండేవి. రేవులో అందరూ చేసేదే అది.

"పైకి పెట్టు అన్నయ్యా" అని నాన్న రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ పెదనాన్న కుదరదన్నాడు. మూడోసారి మా ఇంట్లో భోజనాల దగ్గర అడిగాడు. అడిగినవాడు ఊరుకోకుండా, మోకాలు పట్టుకుని గోడకి చేరబడి "పోన్లే, ఈ కాలు ఎన్నాళ్ళు నడిస్తే అన్నాళ్ళు" అన్నాడు. అమ్మ చారు వడ్డిస్తోంది. పెదనాన్న తన కంచంలోని చేప ముక్క తీసి నాన్న కంచంలో వేశాడు.

"సరేరా. పైకి పెడతాను" అన్నాడు.

మర్నాడే పెట్టాడు. బ్యాటరీ నుంచి స్టీరింగు దాకా వైరుని గొట్టంలో నడిపాడు. ఇంజను గది ఇనప రేకు దాటే కన్నం దగ్గర రబ్బరు కూడా వేశాడు. వెయ్యాల్సినవన్నీ వేశాడు, ఒక్క ఫ్యూజు మాత్రం ఉండాల్సిన చోట లేదు.

కార్తీకమాసంలో, ఒక ఆదివారం మధ్యాహ్నం, జనమంతా పట్టిసీమ గుడికి దిగాక లాంచీలో పొగ లేచింది. నాన్న డీజిలు కుళాయి కట్టెయ్యడానికి ఇంజను గదిలోకి దిగాడు. కట్టేశాడు కూడా. మళ్ళీ పైకి ఎక్కలేకపోయాడు. రేవులోవాళ్ళు బయటికి లాగేసరికి ఒళ్ళు కాలిపోయింది. మూడోరోజు ఆస్పత్రిలో పోయాడు. ఆ మూడు రోజుల గురించి నేను రాయలేను.

ఊళ్ళో ఒక మాట పుట్టింది, సరంగు ఇంజను గదిలో బీడీ కాల్చాడని. భీమరాజు గారే అన్నాడో, ఆయన పక్కనున్నవాళ్ళు అన్నారో గానీ, నాలుగు రోజుల్లో అందరి నోటా అదే. మా నాన్న బీడీ మానేసి పదేళ్ళు. పరామర్శకి వచ్చినవాళ్ళు కూడా "పాపం, ఆ అలవాటే కొంప ముంచింది" అని మా అమ్మ మొహం మీదే అనేవారు. తండ్రి పోయిన బాధ ఒకటీ, ఆ మాటలు వినడం ఒకటీ. వాళ్ళ నాలుకలు కోసెయ్యాలనిపించేది నాకు.

పెదనాన్న కాలిన లాంచీ చూసి వచ్చిన రోజు నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు. మా ఇంట అన్నం ముట్టలేదు.

పెద్దకర్మ రోజున పందిట్లో రెండు వందల మంది ఉన్నారు. భీమరాజు గారు కుర్చీలో కూర్చుని పక్కాయనతో, అందరికీ వినబడేటట్టే, "మంచివాడేనండి. ఆ బీడీ ఒక్కటే..." అన్నాడు. పెదనాన్న లేచి నిలబడ్డాడు. జేబులోంచి ఫ్యూజు తీసి చేత్తో పైకెత్తాడు.

"ఇది లాంచీలో స్టీరింగు పక్కనున్న ఫ్యూజండి. చూడండి, కాలలేదు. ఇంత మంట లేచినా దీనికి తెలియలేదు. ఇనప రేకు దగ్గర రబ్బరు డీజిలుకి నాని ఊడిపోయింది. వైరు ఒరుసుకుని షార్టయింది. ఈ ఫ్యూజు బ్యాటరీ పక్కన పెట్టుంటే ఆ క్షణమే తెగిపోయేది. పైన పెట్టింది నేను. తప్పని తెలిసే పెట్టాను. మా వాడు బీడీ కాల్చలేదు. మా వాణ్ణి కాల్చింది నేను."

ఆ మాటతో తన పని, తన పేరు పోతాయని ఆయనకి తెలుసు. పోయాయి కూడా, మళ్ళీ ఏ ఓనరూ పిలవలేదు. కానీ ఆ క్షణంలో నాకు జాలి కలగలేదు. ఇన్నాళ్ళూ మాకు పాఠాలు చెప్పి, నాన్న విషయంలోనా తప్పు చేసేది? ఆయన మొహం ఇక చూడకూడదనుకున్నాను.

అప్పుడు అమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఆ రోజు తను పదిమందిలోకి రాకూడదని పెద్దవాళ్ళు లోపల కూర్చోబెట్టారు. చుట్టాలు ఆపబోతే చెయ్యి విదిలించుకుంది.

"బావగారూ, మీరు ఒప్పుకోరని ఆయన మూడోసారి అడగనన్నారు. 'మీ అన్నయ్య మీరు బాధపడితే చూడలేరు, మోకాలు పట్టుకుని అడగండి, కాదనలేరు' అని ఆయనకి చెప్పి అడిగించింది నేనండి."

పెదనాన్న ఆమెకేసి చూశాడు. చేతిలో ఫ్యూజు జేబులో పెట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయాడు. నా కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక నేను పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను.

నెల తిరక్కుండా ఆయన మళ్ళీ భోజనానికి రావడం మొదలుపెట్టాడు. అమ్మే వెళ్ళి పిలిచింది. ఇంట్లో ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసుకుంటూ ఏడేళ్ళు గడిపాడు. వాళ్ళిద్దరూ కూరల గురించి, నా పెళ్ళి గురించి, వరద గురించి మాట్లాడుకునేవారు. నాన్న పేరు మాత్రం ఒకరి ముందు ఒకరు ఎత్తగా నేను వినలేదు.

రెండువేల తొమ్మిదిలో పెదనాన్న నిద్రలోనే పోయాడు. అమ్మ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, నాన్న పోయినప్పుడు కూడా ఏడవనంతగా ఏడ్చింది. ఊరుకోబెట్టడానికి నేను భుజం మీద చెయ్యి వేస్తే తోసేసింది.

"ఇన్నాళ్ళూ ఇద్దరం మోశాం బావగారూ" అంది. "ఇక నేనొక్కదాన్నే మొయ్యాలి."