ఒడ్డుకీ వద్దుకీ మధ్య నాగాయలంక

గుడివాడలో బందరు ప్యాసింజరు ఆరు పదికి అని బోర్డు మీద ఉంటుంది. ఆ రోజు ఆరున్నరకి కదిలింది. నేనేమీ విసుక్కోలేదు. ఒక చిన్న మాట నా చెవి నుంచి బుర్రకి చేరడానికి మూడు నెలలు పట్టిందన్న సంగతి ఆ సాయంత్రానికి తెలిసింది. దాంతో పోలిస్తే ఆ రైలు ఎక్స్‌ప్రెస్సు కింద లెక్క.

నా ఒళ్ళో ఒక సంచి, సంచిలో ఒక కాగితం. దాని మీద చెంచమ్మ అనే ఆవిడ వేలిముద్ర వేయించుకు రావాలి. అదీ నా ప్రయాణకారణం.

బందరులో పాత పాయ పక్కన పార్కు కడుతున్నారు. కమిటీ సెక్రటరీ శేషగిరి ఒకప్పుడు నా దగ్గర తెలుగు చదువుకున్నవాడు. నా దస్తూరీ మీద అతనికి ఇప్పటికీ గురి. అందుకని మీటింగులకి పిలిచి మినిట్స్ రాయించేవాడు. డబ్బిచ్చేవాళ్ళు ఒక షరతు పెట్టారు: ఆ పాయ ఒడ్డున ఎప్పటినుంచో ఉంటున్న యానాది కుటుంబాలని అడిగి, వాళ్ళకేం కావాలో తెలుసుకుని, వాళ్ళతో కలిసి పార్కు రూపం తేల్చాలి. అడిగాం. వాళ్ళ తరఫున చెంచమ్మ జవాబు చెప్పింది. నేను రాశాను. ‘స్థానికులు తమకు ప్రత్యేకంగా ఏమీ వద్దన్నారు.’ ఇంతకంటే సులువైన మీటింగు నేను చూడలేదు.

తర్వాత తవ్వకాలు మొదలయ్యాయి. ఆ కుటుంబాలు గుడిసెలు విప్పుకుని దివిసీమలో చుట్టాల దగ్గరికి వెళ్ళిపోయాయి. ఇప్పుడు ప్రారంభోత్సవం దగ్గర పడేసరికి, మినిట్స్ కింద వాళ్ళ వేలిముద్ర లేదని శేషగిరికి గుర్తొచ్చింది.

గుడ్లవల్లేరు, కవుతరం, పెడన దాటి ఎనిమిదింటికి బందరులో దిగాను. శేషగిరి స్టేషనుకే స్కూటరేసుకుని వచ్చి నన్ను పార్కుకి తీసుకెళ్ళాడు. పాయ పొడుగునా రాతిగోడ నిలువుగా లేచి ఉంది. ఒక చివర కొంచెం జాగా మాత్రం మిగిలింది.

“పన్నెండడుగులేనండి మేష్టారూ. రేపు పొద్దున్న కట్టేస్తే గోడ పని అయిపోయినట్టే. వచ్చేటప్పుడు వాళ్ళలో ఓ నలుగుర్ని ప్రారంభోత్సవానికి రమ్మనండి. ఫొటోలో ఉండాలి,” అన్నాడు.

“పార్కంటే పారకు అని అర్థమేమో. నీళ్ళని బాగానే ఆపావు,” అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ మెడ వంగిపోతుంది.

చెంచమ్మ కోసం ఒక పొట్లం బందరు లడ్డూలు కొని, ఎనిమిదీ యాభైకి నాగాయలంక ఆర్డినరీ బస్సెక్కాను. కిటికీ సీటు దొరికింది. పక్కన మంగినపూడి వైపు నుంచి వచ్చిన చేపలావిడ, ఖాళీ బుట్ట కాళ్ళ మధ్య పెట్టుకుని చల్లపల్లి వెళ్తోంది. నేను పొట్లాన్ని పసిపిల్లలా పట్టుకోవడం చూసి ఆవిడ ఊరుకోలేకపోయింది.

“ఎవరికండీ లడ్డూలు? పెళ్ళిచూపులకా?”

“కాదమ్మా. ఒక వేలిముద్ర కోసం.”

“ఏలికి లడ్డూ పెట్టేవాళ్ళని ఇప్పుడే చూత్తన్నాను,” అంది. ఎవరి దగ్గరికని అడిగితే చెప్పాను. ఆవిడ మొహంలో నవ్వు తగ్గింది. “పీతలు పట్టే చెంచమ్మా? అయ్యో, వాళ్ళు పోయిన కాణ్ణుంచి బందర్లో మంచి పీతే రావట్లేదండి. ఒడ్డు మూసేశారంట కదా ఎవరో.”

“అలాగా,” అన్నాను. ఆ ‘ఎవరో’ పక్క సీట్లోనే కూర్చున్నాడని చెప్పే ధైర్యం లేక చల్లపల్లి దాకా కిటికీలోంచి వరిచేలు చూశాను. కిటికీ సీటు ఇలాంటి అవసరాలకి కూడా పనికొస్తుంది.

చల్లపల్లిలో ఆవిడ దిగిపోయింది. మోపిదేవిలో పావుగంట, అవనిగడ్డలో మరో పావుగంట ఆగి, పదకొండున్నరకి బస్సు నాగాయలంక చేరింది. అక్కణ్ణుంచి కరకట్ట దాకా షేర్ ఆటో. ఆ తర్వాత నడక. ఈ దారిన వెళ్ళదలిచినవాళ్ళు తోలుచెప్పులు వేసుకోకండి. నావి రెండుసార్లు బురదలో ఉండిపోతే నేను మాత్రం ముందుకెళ్ళాను.

కట్ట కింద ఏడెనిమిది గుడిసెలు. చెంచమ్మ వెదురు బుట్టకి మూత అల్లుతోంది. సన్నటి మనిషి. నా వయసే ఉంటుంది. నన్ను చూసి లేచింది.

“ఏమీ వద్దని రాసుకున్న మేష్టారు గారా! రండి రండి.”

మెచ్చుకోలు అనుకున్నాను. పొట్లం చేతికిచ్చి, కాగితం తీసి, ముప్పై ఏళ్ళు బడిలో పాఠం చెప్పిన గొంతుతో చదివి వినిపించాను. ‘తమకు ప్రత్యేకంగా ఏమీ వద్దన్నారు’ అనే చోటికి వచ్చేసరికి ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

“అది నేనన్న మాట కాదండి.”

“నువ్వే అన్నావు కదా చెంచమ్మా. ఏం కావాలని అడిగితే ఒద్దు అన్నావు.”

“ఒద్దు అనలేదు మేష్టారూ. ఒడ్డు అన్నాను. ఒడ్డు. మీరు బల్లలేసుకోండి, ఉయ్యాలలేసుకోండి, మాకు ఒడ్డు వదలండి అన్నాను. రెండోసారి కూడా అన్నాను. మీరు ‘అర్థమైంది, అర్థమైంది’ అన్నారు.”

ఆ మీటింగు హాలు మొత్తం కళ్ళ ముందు తిరిగింది. వాళ్ళు గుమ్మం దగ్గర నేల మీద కూర్చున్నారు. నేను అవతలి చివర బల్ల దగ్గర, ఫ్యాను కింద, పకోడీల పళ్ళెం పక్కన. లేచి నాలుగడుగులు వేసి అడగాల్సింది. కుర్చీలోంచే కేకేశాను. ఫ్యాను చప్పుడులో ఒక్క మాట వినపడింది. మన వైపు వద్దుని ఒద్దు అనే అంటాం కదా, నేను కోరుకున్న మాటే నాకు వినపడింది. పైగా చమత్కారం కూడా చేశాను. “ఏమీ వద్దనేవాళ్ళని ఇన్నాళ్ళకి చూశాను, వీళ్ళే అసలైన ముక్తజీవులు!” అన్నాను. హాలంతా నవ్వింది. గుమ్మం దగ్గర మాత్రం ఎవరూ నవ్వలేదు. ఆ రోజు అదేదో నా జోకు స్థాయి వాళ్ళకి అందక అనుకున్నాను.

నేను తెలుగు మేష్టార్ని. ‘డ’కి ‘ద’ రాసిన పిల్లలకి అర మార్కు కోసేవాణ్ణి.

చెంచమ్మ కేకలేసి ఉంటే బాగుండేది. ఆవిడ కట్ట దిగి తడిమట్టి మీద పుల్లతో గీత గీసింది. “ఇది పాయ. పోటొచ్చినప్పుడు నీళ్ళు ఇక్కడిదాకా వస్తాయి. తీసినాక ఈ బురద తేలుద్ది. పీత బొరియలు ఇందులోనే. ఉప్పునీళ్ళలో పెరిగే ఈ మడచెట్ల వేళ్ళ మధ్య రొయ్యపిల్ల పెరుగుద్ది. ఏటవాలుగా ఉంటేనే మనిషి దిగుతాడు, బుట్టతో ఎక్కుతాడు. నిలువుగోడ కడితే పీత ఎక్కడుంటది, మేమెక్కడ దిగుతాం?” పుల్లతో మరో గీత గీసింది. “ఈ చెట్లు ఉంచి, ఇటు బాట ఏసుకుంటే పార్కుకీ నీడొచ్చేది. అదే చెప్పుదామనుకున్నా. మీరు లేచిపోయారు.”

ఇంజనీరు నెల రోజులు కూర్చుని వేసిన ప్లానులో లేని పార్కు ఆ మట్టిలో రెండు గీతల్లో ఉంది.

“ఇప్పుడు ఒడ్డు వదిలితే మీరు తిరిగొస్తారా?” అని అడిగాను. ‘నువ్వు’ కాస్తా ‘మీరు’ ఎప్పుడయిందో నాకే తెలీదు.

“దిగే చోటుంటే ఎందుకు రామండి? ఇక్కడ చుట్టాల పాయలో చుట్టాల పీతలు పట్టుకుంటన్నాం. ఎన్నాళ్ళు పట్టుకుంటాం?”

రేపు పొద్దున్న మూసెయ్యబోయే పన్నెండడుగులు గుర్తొచ్చి లేచి నిలబడ్డాను. వెంటనే బయల్దేరతానంటే ఆవిడ ఒప్పుకోలేదు. ఆటో రెండున్నరకి గానీ రాదంది. పీతల పులుసుతో అన్నం పెట్టింది. సిగ్గుతో ముద్ద దిగదనుకున్నాను. పులుసు సిగ్గుకంటే బాగుంది. రెండోసారి వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టాను.

“ఒద్దమ్మా.”

ఆవిడ గరిటె గాల్లో ఆపింది. “ఏ ఒద్దు మేష్టారూ? సరిగ్గా చెప్పండి. తర్వాత నేను తప్పు విన్నానంటారు.”

గుడిసెల వాళ్ళందరూ పగలబడి నవ్వారు. ఈసారి నవ్వనిది నేనొక్కణ్ణే. మూడు నెలల కిందటి బాకీ అలా తీరింది.

బయల్దేరేటప్పుడు కాగితం వైపు చూశాను. ఆవిడే చెప్పింది. “గోడ ఆగినాక రండి. అప్పుడు ఏస్తా. ఏలు ఎక్కడికీ పోదు.”

నాగాయలంక టెలిఫోన్ బూత్‌లో లైను పనిచెయ్యలేదు. మూడుంబావు బస్సెక్కి, అవనిగడ్డలో దిగి, నాలుగింటికి మరో బూత్‌లో దూరాను. శేషగిరి దొరికాడు. లైన్లో గరగరలు.

“శేషగిరీ! ఒడ్డు వదలాలి! ఒడ్డు!”

“ఏంటి మేష్టారూ? వద్దా? ఏం వద్దు?”

నా జన్మలో మొదటిసారి ఒక అక్షరదోషాన్ని దిద్దబుద్ధి కాలేదు. “గోడ! గోడ వద్దు! ఆ పన్నెండడుగులూ కట్టొద్దు!”

సంగతంతా చెప్పాను. అతను వెంటనే ఒప్పుకున్నాడు. “ఆపిస్తానండి, దానికేం. కానీ మినిట్స్‌లో మీ చేత్తోనే రాసి ఉంది కదా. పోనీ, వాళ్ళు మాట మార్చారని రాసేద్దామా? మీకు మాట రాకుండా ఉంటుంది.”

నాకు మాట రాకుండానే ఉంది. వాళ్ళ పలుకు స్పష్టంగా లేదని, ఫ్యాను పెద్దగా తిరిగిందని, చాలా వాక్యాలు నాలిక చివరికి వచ్చాయి. అన్నీ చక్కటి తెలుగు వాక్యాలే. బూత్‌లో ఎర్ర అంకెలు డబ్బు లెక్కపెడుతూ తిరుగుతున్నాయి.

“వాళ్ళు మాట మార్చలేదు. నేను వినలేదు. అలాగే రాయి,” అన్నాను చివరికి.

బందరులో ఆరింటికి దిగాను. రైలుకి ముప్పావుగంట ఉంది. రిక్షా మాట్లాడుకుని పాయ దగ్గరికి వెళ్ళాను. మేస్త్రి తాపీలు కడుక్కుంటున్నాడు. పన్నెండడుగుల జాగాలోంచి పోటు నీళ్ళు మెల్లగా లోపలికి వచ్చి, ఇసక కుప్ప అంచు తడుపుతున్నాయి.

“ఆపమన్నారంటండి,” అన్నాడు మేస్త్రి, “ఎవరో మేష్టారు రాయడంలో తప్పు చేశారంట.”

పొద్దున బస్సులో మింగేసిన జవాబు ఇంకా గొంతులోనే ఉంది.

“ఆ ఎవరో నేనేనయ్యా,” అన్నాను.

అతను నన్ను కిందినుంచి పైదాకా చూసి, బురద చెప్పుల దగ్గర ఆగి, “పోన్లెండి, కట్టినాకైతే పగలగొట్టలేక చచ్చేవాళ్ళం,” అన్నాడు. కట్టేసిన మిగతా గోడంతా అతని వెనకే ఉంది.

ఆరూ ముప్పావు ప్యాసింజర్లో గుడివాడకి తిరుగుప్రయాణం. పెడన దాటాక కాగితం తీసి, ‘ఏమీ వద్దన్నారు’ కొట్టేసి, పైన ‘ఒడ్డు అడిగారు’ అని రాశాను. రైలు కుదుపుకి నా దస్తూరీ ఒకటో తరగతి పిల్లాడి రాతలా వచ్చింది. దివిసీమ వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒకటే: బస్సులు దొరుకుతాయి, పులుసు బాగుంటుంది, ఎవరినైనా ఏదైనా అడిగేటప్పుడు కుర్చీలోంచి లేచి వాళ్ళ పక్కకి వెళ్ళి కూర్చోండి. నేను ఎనభై కిలోమీటర్లు వెళ్ళి విన్న మాట, ఆ హాల్లో నాలుగడుగుల దూరంలో ఉండేది.

కాగితం అడుగున వేలిముద్ర కోసం వదిలిన చోటు ఖాళీగానే ఉంది. దాని మీద మడత పడకుండా చూసుకుని సంచిలో పెట్టుకున్నాను.