మూడు ఇళ్లలో ముగ్గురు మస్తానాబీలు

అనంతపురం పాతూరులో దూదేకే పీరాసాబ్ విల్లు మోగితే, ఏ ఇంట్లో పరుపు విప్పారో వీధి చివరిదాకా తెలిసేది. ఏళ్ల తరబడి ఒళ్ల బరువుకు గడ్డకట్టిన దూది, నారి దెబ్బ తగలగానే విడిపోయి తెల్లగా పైకి లేచేది. చినుకు కోసం ముఖాలెత్తి చూసే ఆ ఊళ్లో, చేతికందే మబ్బు అదొక్కటే.

అతను దూది ఏకినంతసేపూ ఇంటివాళ్లు అరుగు మీద కూర్చుని మాట కలిపేవాళ్లు. 1959 ఎండాకాలంలో అందరూ అడిగింది ఒకటే. పీరాసాబ్ కూతురు మస్తానాబీ హైస్కూలు పాసయింది, కాలేజీలో చేరబోతోంది.

"ఏం చదువుతాదప్పా నీ కూతురు?"

ఆ ప్రశ్నకు జవాబు పీరాసాబ్ ఇంటి నుంచే తెచ్చుకునేవాడు. పొద్దున గంజి తాగుతూ అడిగేవాడు. "ఈ దినం ఏం చదువుతావు పాపా?"

"మొక్కలు నాయనా." నీళ్లు లేని నేలలో తంగేడుకు అంత పసుపు ఎక్కడ దొరుకుతుందో ఆమెకు తెలుసుకోవాలని ఉండేది. మరోరోజు, "లెక్కలు." దూరాన కలిసినట్టు కనబడే రైలు పట్టాలు ఎంత దూరం పోయినా కలవవని బళ్లో చెప్పినప్పటి నుంచి ఆమెకు అదో దిగులు. ఇంకోరోజు, "పాతకాలం రాళ్ల మీద రాసినారు చూడు, అది."

ఆ పొద్దు విన్న మాట ఆ పొద్దు పనిచేసే ఇంటికి చేరేది. స్టేషను దగ్గర రామసుబ్బమ్మ ఇంట్లో మస్తానాబీ మొక్కల చదువు చదవబోతోంది. దాసప్ప సారు ఇంట్లో లెక్కలు. రాప్తాడులో, చేలూ ఎడ్లూ ఉన్న తిమ్మప్ప ఇంట్లో రాళ్ల మీది రాతలు. మూడింటిలో ఒక్కటీ అబద్ధం కాదు.

దరఖాస్తులో మాత్రం గ్రూపు అన్నచోట ఒక్క గీతే ఉంది. పేరు రాసింది, తండ్రి పేరు రాసింది, తండ్రి పని రాసింది. అక్కడ ఆగి మూడు రోజులు కూర్చుంది.

"మూడూ రాస్తే ఏమి?" అన్నాడు పీరాసాబ్.

"ఒకటే రాయల్లంట నాయనా."

"మరి ఆ ఇండ్లలో నేనేం చెప్పల్ల?"

పొయ్యి దగ్గర నుంచి తల్లి రసూల్‌బీ అందుకుంది. "మూడిండ్లకు ముగ్గురు కూతుర్లను పంచి వచ్చినావు. కన్నదాన్ని నేను, నాకు ఒక్కతే."

మస్తానాబీ లెక్కలు అని రాసింది. దాసప్ప సారు తన పాత లెక్కల పుస్తకాలు ఇస్తానన్నాడు. తక్కిన రెండింటికీ గుట్టలెంట, చేలెంట తిరగాలి. లెక్కలు గోడకు ఆనుకుని కూర్చుని చేసుకోవచ్చు. ఆ ఎండకు కలం ఎత్తేలోపే సిరా ఆరిపోయింది.

లెక్కలు ఆమెను బాగానే చూసుకున్నాయి. డిగ్రీ అయింది, టీచరు ట్రైనింగు అయింది, సోమందేపల్లె హైస్కూల్లో ఉద్యోగం వచ్చింది. బోర్డు మీద త్రిభుజం గీస్తూ ఒక్కోసారి కిటికీ అవతల తంగేడు వైపు చూసేది. సుద్దముక్క గీత మధ్యలో ఆగిపోయేది. పిల్లలు ఎదురుచూసేవాళ్లు.

నాయన ఆ రెండిళ్లలో నిజం చెప్పలేదని ఆమెకు తెలుసు. రామసుబ్బమ్మ తన పెరట్లో ఏ విత్తనం దొరికినా కాగితంలో మడిచి, "మీ పాప చదువుకు పనికొస్తాది" అని పంపేది. మస్తానాబీ ఆ పొట్లాలు దాచుకునేది. ఊళ్లో ఏదో ఒక ఇంట్లో తాను ఇంకా మొక్కలు చదువుతూ ఉండటం ఆమెకు బాగుండేది.

ఒక వేసవి సెలవుల్లో ఇంటికి వస్తే రామసుబ్బమ్మ పోయిందని చెప్పారు. మొక్కలు చదివిన మస్తానాబీని ఎరిగిన మనిషి ఇంకెవరూ లేరు. ఆ సాయంత్రం పొట్లాలన్నీ విప్పి చూసింది. కొన్ని ఏ చెట్టువో ఆమెకు తెలియలేదు.

ఇక రాప్తాడు ఒక్కటే మిగిలింది.

1967 మే నెలలో తిమ్మప్ప కబురు పంపాడు. పరుపు ఏకాలి, కూతుర్ని కూడా పిలుచుకొని రా అని. తండ్రీకూతుళ్లు బస్సెక్కి పోయారు. ఎడ్ల కొట్టానికి గోడ కడుతున్నారు. చేను గట్టున అక్షరాలు చెక్కిన పాత బండ ఒకటి పడి ఉంది. పక్కనే రాళ్లు కొట్టేవాళ్లిద్దరు సుత్తులతో నిలబడి ఉన్నారు.

"వచ్చినావా తల్లీ," అన్నాడు తిమ్మప్ప. "ఎనిమిదేండ్లు ఆపినా దీన్ని. పీరా కూతురు వచ్చి చదివేదాకా తాకొద్దండప్పా అని చెప్తానే ఉండా. ఇంగ గోడకు రాయి చాలడంలేదు. చదువు."

పీరాసాబ్ పరుపు కుట్లు విప్పడంలో పడిపోయాడు.

మస్తానాబీ మోకాళ్ల మీద కూర్చుని కొంగుతో మట్టి తుడిచింది. దూరం నుంచి తెలుగే అనిపించిన అక్షరాలు దగ్గరికి పోయేసరికి మొహం తిప్పుకున్నాయి.

"నాకు రాదు పెద్దనాయనా. నేను చదివింది లెక్కలు."

తిమ్మప్ప తల తిప్పాడు. "ఏమప్పా పీరా?"

"ఆ పొద్దు పాప అట్లే చెప్పిందన్నా. మార్చుకున్నాక చెప్పేకి నాకు నోరు రాలేదు."

"ఎనిమిదేండ్లు దూదేకినట్టు ఏకినావు గదప్పా నన్ను." తిమ్మప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. కాసేపు బండనూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. "సరే. లెక్కలు చదివినదానివి గదా, ఎన్ని అక్షరాలుండాయో లెక్కన్నా పెట్టు. నువ్వు చెప్పినాకే వీళ్లు సుత్తి ఎత్తేది."

రాళ్లు కొట్టేవాళ్లు నీడకు పోయి బీడీలు వెలిగించారు.

ఆమె ఒక్కొక్క అక్షరంలో వేలు పెట్టి లెక్కించసాగింది. రాయి ఎండకు కాలుతోంది, అక్షరం లోపల మాత్రం కొంచెం చల్లగా ఉంది. కొన్నింటిలో వేలు మొదటి కణుపు దాకా దిగింది. ఎవరో ఒక మనిషి, ఏదో ఒక మాట పోకూడదని, అంత లోతుగా చెక్కాడు. పదకొండో వరుస చివరికి వచ్చింది.

"ఎంతమ్మా?"

"తప్పింది పెద్దనాయనా," అంది మస్తానాబీ. "మళ్లీ మొదట్నుంచి పెట్టల్ల."

తిమ్మప్ప పోయి రాళ్లు కొట్టేవాళ్ల పక్కన నీడలో కూర్చున్నాడు. వెనుక పీరాసాబ్ విల్లు మోగడం మొదలైంది. ఆమె మొదటి వరుసకు జరిగి, మొదటి అక్షరంలో వేలు పెట్టింది.