గంగి దూడ తల్లి ఎవరు

ఒక మాటను ముప్పై ఏళ్లకు పైగా మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పడం తేలిక.

ఎనభైల మొదట్లో, మా ఊరు వదిలి వచ్చి, గమ్హరియా అనే ఊరి దగ్గర ఒక డెయిరీలో పశువులు చూసేవాణ్ని. నా చేతిలో ఒక్క దూడా పోలేదని చెప్పుకు తిరిగేవాణ్ని.

ఒక ఉదయం గంగి అనే ఆవు చచ్చిన దూడను ఈనింది. పక్కనే లచ్చి అనే ఆవు కవలల్ని ఈనింది. గంగి ఉమ్మనీరు ఒక కవలకు పూసి, దాని ముందు నిలబెట్టాను. గంగి వాసన చూసింది. ఆగింది. తర్వాత నాకడం మొదలుపెట్టింది. చిన్నది తోక ఆడిస్తూ పొదుగు వెతుక్కుంటుంటే నేను ఒక్కణ్నే గట్టిగా నవ్వాను. ఆ సంతోషం ఇప్పటికీ తగ్గలేదు. దాన్ని తప్పు అనను. తప్పు తర్వాతది. చచ్చినదాన్ని పూడ్చేసి, బతికున్న ఆ కవలే గంగి దూడ అని డెయిరీ పుస్తకంలో రాయించాను.

మరుసటేడు ఒక డాక్టరమ్మ వచ్చింది. తెల్లరక్తకణాల మీద గుర్తులుంటాయట, దూడకు సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి దిగుతాయట. ఏ వంశం పశువు రోగానికి తట్టుకుంటుందో వాటిని బట్టి తేల్చాలని ఆమె పట్టుదల. రక్తం తీసి చూస్తే దూడలన్నిటి గుర్తులూ తల్లులవాటితో కలిశాయి. గంగి దూడవి కలవలేదు. మళ్లీ రక్తం తీశారు. మళ్లీ కలవలేదు. సీసాల మీద పేర్లు రాసేది అప్పలరాజు, మా చెల్లెలి మొగుడు. తప్పు అతనిదే అన్నారు.

"నాను రెండుసార్లూ సరిగ్గానే రాసినాను బావా. ఆ దూడ కాడ ఏటైనా తేడా ఉందేటి?"

"అచ్చరం ముక్క రానోణ్ని. సీసాల గోల నన్నడుగుతావేటి?"

"నిన్నడిగేకంటే ఆ గంగినడగడం నయం," అని నవ్వేశాడు.

అతన్ని రాతపని నుంచి తీసి పేడ ఎత్తడానికి పెట్టారు.

ఎందుకు నోరు మూసుకున్నాను? తల్లీదూడల్ని విడదీస్తారనా? అలా అనుకుంటే హాయిగానే ఉంటుంది, కానీ అప్పటికే దూడ పాలు మానేసింది, కాబట్టి అది కాదు. నా మంచి చేతికి వచ్చిన పేరు పోతుందని. అంతే.

అరవై దాటాక మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దుకున్నాను; ఇదంతా వాటితోనే రాస్తున్నాను. అప్పలరాజు ఇక్కడికి దగ్గర్లోనే, భాలుబాసా పేటలో ఉన్నాడు. ఈ కాగితం అతనికీ ఇస్తాను. తిడతాడో, మాట మానేస్తాడో, అది అతని ఇష్టం.

అప్పలరాజు పేర్లు సరిగ్గానే రాశాడు. అబద్ధం చెప్పింది నేను.

మిగతాదంతా ఎలాగో రాసేశాను, ఈ రెండు మాటలకే ఒక పూట పట్టింది. మూడుసార్లు చదువుకున్నాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు.