కాలని మందు, కాలిన బీడీ

మొన్న మా ఇంట్లో స్విచ్‌బోర్డు చిటపటలాడుతుంటే బాగుచేయడానికి ఒక కుర్రాడు వచ్చాడు. ఒకప్పుడు నేనూ ఈ పనే చేసి పొట్ట పోసుకున్నవాణ్నే గాని, ఇప్పుడు ఎర్రతీగకూ నల్లతీగకూ తేడా తెలియాలంటే కళ్లజోడు కావాలి, కళ్లజోడు ఎక్కడ పెట్టానో తెలియాలంటే మా ఆవిడ కావాలి. ఆ అబ్బాయి సంచిలోంచి పొడుగాటి డబ్బా ఒకటి తీసి, దాని వెనక రాసింది చదువుకుని, బోర్డు మీద కొట్టేముందు నా వైపు తిరిగి, "తాతా, జెర కిటికీ తెరిచి నువ్వు బయట కూసో. గిది పీలిస్తే మంచిది గాదు" అన్నాడు. తాత అన్నందుకు కొంచెం నొచ్చుకుంటూనే కిటికీ తెరిచి బయట కూర్చున్నాను. ఇంత చిన్న మాట ఆ రోజుల్లో మాకు ఎవరైనా చెప్పి ఉంటే మా అక్క నెత్తిన అంత నింద పడేది కాదు కదా అనిపించి, చేతిలో చాయ్ చల్లారేదాకా అక్కడే ఉండిపోయాను.

మా అక్క భర్త, అంటే మా బావ, కామారెడ్డి స్టేషన్ రోడ్డులో కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే దుకాణం నడిపేవాడు. ఐటీఐ చదువు గట్టెక్కగానే నేనూ అక్కడే చేరాను. బావ దుకాణంలో తీగ చుట్టేవాడు, అక్క ఇంట్లో చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది, నేను భోజనం వేళకు వాళ్లిద్దరి చుట్టూ తిరిగేవాణ్ని. చుట్టం అనిపించుకునే అర్హత ఆ ఇంట్లో నిజంగా నాకొక్కడికే ఉండేది. అక్క చేతి బీడీ మొదట్నుంచి చివరిదాకా ఒకే తీరుగా కాలుతుందని వాడకట్టులో పేరు. ఆకు కాస్త చిరిగిందనో, పొట్టిగా వచ్చిందనో బీడీ కంపెనీవాళ్లు తిరగ్గొట్టినవన్నీ బావ చొక్కా జేబులోకి చేరేవి. వాటి కోసమే కంపెనీవాళ్లు మరికొంచెం కోపిష్టివాళ్లయితే బాగుండునని బావ దేవుడికి మొక్కుకునేవాడు.

అప్పట్లో మోటారు భాగాలకు పట్టిన జిడ్డును కిరోసిన్‌తోనో పెట్రోలుతోనో కడిగేవాళ్లం. ఒకసారి అలా కడుగుతుంటే మంట లేచి నా కనుబొమలు రెండూ పోయి, కొన్నాళ్లు ఏ సంగతి విన్నా ఆశ్చర్యపోవడానికి వీల్లేకుండా తిరిగాను. అది చూసి జాలిపడి కాబోలు, పట్నంలో ఒక కార్ఖానాలో పనిచేసే మా పెదనాన్న కొడుకు, అక్కడ రేడియో భాగాలు కడగ్గా మిగిలిన మందు ఒక డబ్బాలో తెచ్చి ఇచ్చాడు. అది క్లోరోఫ్లోరోకార్బన్ అనే జాతికి చెందిన ద్రావకమని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మా దుకాణంలో దాని పేరు గాలినీళ్లు. చూడ్డానికి నీళ్లలాగే ఉండేది, ఎత్తితే నీళ్లకంటే బరువు, చేతి మీద పోస్తే చల్లగా తాకి చూస్తుండగానే మాయమయ్యేది. జిడ్డు పోయి భాగం మాత్రం తల్లి కడుపులోంచి ఇప్పుడే వచ్చినంత శుభ్రంగా తేలేది.

బావ దాన్ని పరీక్షించిన పద్ధతి ఏమిటంటే, గుడ్డ ముంచి అగ్గిపుల్ల గీసి దగ్గర పెట్టడం. అంటుకోలేదు. మా దృష్టిలో ఆ ఒక్క పరీక్షతో ఆ మందు సాధువైపోయింది. "మీ నాయినకు నాకన్న గిదే మంచి అల్లుడురా బామ్మర్ది! పని చేస్తది, బువ్వ అడగది, సప్పుడు లేకుంట పోతది" అని బావ మురిసిపోయాడు. అప్పటిదాకా దుకాణం బయట కాల్చే బీడీని ఆ రోజు నుంచి మందు పక్కనే కూర్చుని కాల్చడం మొదలుపెట్టాడు. చేతుల మీది చర్మం ఎండిన చెరువులా పగిలితే కొబ్బరినూనె రాసుకున్నాం, మధ్యాహ్నాలు తల తిరిగితే ఎండ అనుకున్నాం. మండనిది హాని చేస్తుందని ఎవరికి తోస్తుంది?

ఆ ఎండాకాలంలోనే ఎల్లారెడ్డి దగ్గర్నుంచి ఒక రైతు వచ్చాడు. అక్క అత్తగారి వైపు దూరపు చుట్టం, పెద్దాయన. యాసంగి వరి పాలు పోసుకుంటున్న సమయంలో బావిలో మోటారు మొరాయించింది. మామూలుగా అయితే పదిమంది కలిసి తాళ్లతో మోటారును పైకి లాగి, బస్సు మీద కామారెడ్డికి చేర్చి, బాగుచేసి మళ్లీ దించాలి. ఈలోగా పొలం ఎండిపోయేది. గాలినీళ్లున్నాయి గదా, బావిలోనే విప్పి కడిగేద్దామని బావ అన్నాడు. బావకూ బావికీ రాతలో ఒక గుడి మాత్రమే తేడా అని నేను దారంతా బస్సులో వేళాకోళం చేస్తూనే ఉన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాలుక కరుచుకోబుద్ధవుతుంది.

మా వైపు పాత బావిలోకి మనిషి దిగేముందు వెలిగించిన కందిలి దించడం ఆచారం. దీపం ఆరితే కింద గాలి చెడిందని లెక్క, ఎవరూ దిగరు. పెద్దాయన ఆ మర్యాద తప్పలేదు. కందిలి నీళ్ల దగ్గరిదాకా పోయి నిశ్చలంగా వెలిగింది, పైకి తీసి ఆర్పేశాం. బావ మందు డబ్బా, వెడల్పాటి తాంబాళం తీసుకుని నీళ్లకు కాస్త పైన మోటారు ఉండే గట్టు మీదకు దిగాడు. మందు తాంబాళం నిండా పోసి, భాగాలు అందులో ముంచి కడగసాగాడు. బావిలో గాలి మంచిదేనని పరీక్షించింది నిజమే. చెడ్డగాలిని మేమే డబ్బాలో పెట్టి వెనకాలే దించామని మాకు తెలియదు. ఆ మందు ఆవిరైతే పైకి పోదు. గాలికంటే ఎన్నోరెట్లు బరువు, బావిలో నీరు ఊరినట్టు అడుగు నుంచి ఊరుతూ వస్తుంది.

కాసేపటికి బావ బీడీ ముట్టించాడు. పొలంలో కలుపు తీసి నీడకొచ్చిన ఆడవాళ్లు, పెద్దాయన, నేను పైన ఉన్నాం. కింద నుంచి దగ్గు, వెనకే బావ గొంతు వచ్చాయి. "ఏందిరా బామ్మర్ది, మీ అక్క తంబాకు మార్చిందా ఏంది? బీడీ గొంతుల సూది గుచ్చినట్టు కొడ్తుంది!"

"నిన్న లడాయి పెట్టుకుంటివేమో పిలగా, పగ తీర్చుకున్నది" అని ఒకావిడ పై నుంచి అంది. అందరం నవ్వాం. బావ కూడా నవ్వాడు, కానీ ఆ నవ్వు కల్లు తాగినవాడి నవ్వులా సాగి, దగ్గులో కలిసి, ఆగిపోయింది. వంగి చూస్తే బావ గట్టు మీద పక్కకు ఒరిగి ఉన్నాడు.

నేను దూకబోతే పెద్దాయన జుట్టు పట్టి ఆపాడు. ఆడవాళ్లు వేపమండలు విరిచి మోపుగా కట్టి ఇస్తే, దాన్ని తాడుతో బావిలోకి దించి, గాలి కదిలేలా పైకీ కిందికీ గబగబా ఆడించారు. తర్వాత నా నడుముకు తాడు కట్టారు. నేను అరిస్తే లాగమన్నాను. "నువ్వు ఒర్రితే గాదు బిడ్డ, ఒర్రకపోతే గుంజుతం" అన్నాడు పెద్దాయన. ఊపిరి బిగబట్టి దిగి, బావ చంకల కింద ఇంకో తాడు వేసి ముడేశాను. ఇద్దర్నీ లాగారు. గడ్డి మీద పడుకోబెట్టాక బావ ఛాతీ కదిలింది.

బతికాడు గాని, ఊపిరి మునుపటిది కాలేదు. ఏం పీల్చాడని కామారెడ్డి ఆసుపత్రిలో అడిగితే మేమంతా ముక్తకంఠంతో బీడీ అన్నాం. మందు సంగతి ఎవరికీ తోచనే లేదు. కాలనిదాన్నీ కంపుకొట్టనిదాన్నీ ఎవరు అనుమానిస్తారు? బావ నోటితోనే బీడీ అదోలా ఉందన్నాడు, నలుగురూ విన్నారు. ఇంటికొచ్చేసరికి ఆ వేళాకోళమే సాక్ష్యమై కూర్చుంది. అక్క అత్తగారు చేటను వాకిట్లోకి విసిరేసి, "కట్టుకున్నోనికే ఇషం చుట్టి ఇస్తివి గదనే" అంది. తంబాకులో ఏదో కలిసిందని వాడకట్టంతా అనుకుంది. అన్నిటికంటే ఘోరం, అక్క కూడా నమ్మింది. ఆ రోజు నుంచి తునికాకు ముట్టలేదు. ఆమె వేళ్లకున్న పేరు పోయింది, ఇంట్లో ఆమె మాటకున్న బరువు పోయింది. దగ్గు తెర వచ్చినప్పుడల్లా బావ అక్క వైపు చూసేవాడు కాదు. చూడకపోవడమే ఆమెకు చూసినట్టుండేది.

కొన్నేళ్లకు నేను పట్నంలో ఒక కార్ఖానాలో చేరాను. మొదటి రోజే మా గాలినీళ్లతోనే భాగాలు కడిగే గదిలో నిలబెట్టి ఒక పెద్దమనిషి జాగ్రత్తలు చెప్పాడు. చేతికి తొడుగులు వేసుకోవాలి, గాలి ఆడాలి, గోతిలోకీ తొట్టిలోకీ ఒంటరిగా దిగకూడదు. అన్నిటికీ తలూపాను. చివరికి ఇక్కడ బీడీ, సిగరెట్టు కాల్చకూడదన్నాడు. ఇది కాలదు కదా అని ఎవరో అడిగారు. కాలదు, కానీ దాని ఆవిరి నిప్పు గుండా వెళ్తే విరిగి విషవాయువులవుతుంది, బీడీ కొసన ఉన్న నిప్పు చాలు, ఒక్కో దమ్ముకూ ఆ విషం తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మొదట పొగ ఘాటుగా గుచ్చుతుంది, అదే ఆనవాలు అన్నాడు. బావిలోంచి వచ్చిన బావ గొంతు మళ్లీ వినిపించింది.

సెలవు దొరకగానే కామారెడ్డి బస్సెక్కాను. అక్క వంటింట్లో బియ్యం ఏరుతోంది. అంతా చెప్పాను, రెండుసార్లు చెప్పాను. ఏరడం ఆపకుండానే విన్నది. "అత్తమ్మ ఉన్నప్పుడు తేవొద్దారా తమ్మీ ఈ ముచ్చట" అంది. అత్తగారు పోయి అప్పటికి ఏడాది దాటింది.

బావ మాత్రం ఊరుకోలేదు. మిగిలిన ఊపిరంతా అక్క పేరు కడగడానికే ఖర్చుపెట్టాడు. బస్టాండులో, చాయ్ హోటల్లో, పెండ్లి పందిట్లో దొరికినవాణ్నల్లా కూర్చోబెట్టి, మధ్యమధ్య ఆయాసపడుతూ, మందు ఎట్లా ఆవిరైతదో, నిప్పులో ఎట్లా విరుగుతదో చెప్పేవాడు. వాళ్లు ఓపిగ్గా విని, జాలిగా తలూపి, చివర్లో "గయితే పటేలా, గా తంబాకు ఏ కంపెనీది?" అని అడిగేవారు.

బావ పోయి చాలా కాలమైంది. ఆ మందు బావిలో కిందికి దిగి మనిషిని, ఆకాశంలోకి ఎక్కి ఓజోను పొరను కూడా కొడుతుందని తెలిసి దేశదేశాల్లో దాన్ని ఆపేశారు. పైన పడ్డ చిల్లు మెల్లగా పూడుతోందట, సంతోషమే. ఎల్లారెడ్డి వైపు పొలాల్లో ఇప్పుడు బోర్లే, మనిషి దిగే బావులు దాదాపు లేవు. ఆ బావినీ పూడ్చి మక్కజొన్న వేశారు. అక్క ఒక్కతే మిగిలింది. ఆనాటి నింద ఎవరికీ గుర్తులేదు, వేసినవాళ్లంతా వెళ్లిపోయారు. ఆమె తప్పేమీ లేదని ఇప్పుడు నేను ఎంత గట్టిగా చెప్పినా, "ఏ తప్పు?" అని అడిగే పిల్లలే ఉన్నారు ఆ ఇంట్లో. వాళ్లకు చెప్పాలంటే ముందు ఆ నింద ఏమిటో చెప్పాలి. అందుకని అక్కా నేనూ ఊరుకుంటాం.