పురిటికి విమానంలో

మా అమ్మాయిని ఏడో నెలలో బెంగళూరు నుంచి తిరువూరు తీసుకురావాలి, పురిటికి. రోడ్డు మీదైతే ఆరు వందల యాభై కిలోమీటర్ల పైమాటే. బస్సంటే రాత్రంతా కుదుపులు, రైలంటే మెట్లూ తోపులాటలూ. విమానమైతే గన్నవరానికి గంటా పావు. ఇందులో ఆలోచించడానికి ఏముంది అనుకున్నాను. మా అత్తగారు ఊరుకుంటేగా!

"కడుపుతో ఉన్న పిల్ల ఏరు దాటకూడదమ్మాయ్," అన్నారావిడ.

"బస్సెక్కినా కృష్ణ దాటాల్సిందేగా అత్తయ్యా? వంతెన మీద నుంచైతే ఫర్వాలేదు, మబ్బుల్లోంచైతే తప్పొచ్చిందా?"

"నీతో నేను వాదించలేను తల్లీ. పోయినసారి ఏమైందో మర్చిపోకు."

పోయినసారి కడుపు నాలుగో నెలలోనే పోయింది. అయినా బెంగళూరు డాక్టరమ్మ విమానమే మేలని కాగితం రాసిచ్చింది. నేనే పట్టుబట్టి టికెట్లు తీయించాను. ఏదైనా జరిగితే మాట పడాల్సిందీ నేనే.

తీసుకురావడానికి నేనే వెళ్ళాను. విమానంలో దాని చెయ్యి వదల్లేదు. కాఫీ తాగి కప్పు ఇచ్చానో లేదో, దిగుతున్నాం బెల్టు పెట్టుకోమన్నారు. మా ఊరి నుంచి విజయవాడకి బస్సులో వెళ్ళినా ఇంతకంటే ఎక్కువే పడుతుంది. ఓస్, ఇంతేనా అనిపించింది.

గన్నవరానికి మా ఆయన కారు తెచ్చారు. ఆగిరిపల్లి దాటాక అమ్మాయి మెల్లగా అంది, "అమ్మా, విమానం ఎక్కినప్పటి నుంచీ లోపల కదలట్లేదే."

"ఇప్పుడా చెప్పడం! ఇందాకటి దాకా నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నావా?" అని అరిచాను. భయమేస్తే నాకు ముందు కోపమే వస్తుంది.

"నువ్వు కంగారు పడతావనీ..." అంటూ అది ఏడ్చేసింది.

దాన్ని దగ్గరికి లాక్కున్నాను. అక్కడి నుంచి మా ఆయన్ని బతకనివ్వలేదు. "తొందరగా పోనివ్వండి" అనేదీ నేనే, గతుకు రాగానే "మెల్లగా, మెల్లగా" అనేదీ నేనే. పాపం, ఆయన నేను చెప్పినట్టల్లా నడిపారు. అత్తగారి దగ్గర్నుంచి ఫోను వస్తూనే ఉంది. ఎత్తి ఏం చెప్పను? గంటా పావులో వచ్చేశామని మురిసిన నాకు నూజివీడు ఎంతకీ రాలేదు.

నూజివీడులో కనిపించిన ఆసుపత్రి ముందు కారు ఆపించాను. డాక్టరు చిన్నపిల్ల, మా అమ్మాయి వయసే ఉంటుంది. పొట్ట మీద జిగురు రాసి, మిషను ఆనించి అటూ ఇటూ జరిపింది. గరగరమని చప్పుడు తప్ప ఏమీ లేదు. దేవుడా, దేవుడా అనుకుంటూ మంచం కమ్మీ పట్టుకున్నాను. మిషను ఇంకాస్త పక్కకి జరిపింది. టకటకా, టకటకా అంటూ గది నిండా గుండె చప్పుడు.

"బ్రహ్మాండంగా ఉందమ్మా. ప్రయాణం కదా, ఊగి ఊగి నిద్రపోయుంటుంది," అని నవ్వింది డాక్టరు. మా అమ్మాయి ఏడుస్తూనే నవ్వింది. హమ్మయ్య! కుర్చీలో కూలబడ్డాను.

డాక్టరు నా వైపు తిరిగి, "అమ్మమ్మ మీరేనా అండి?" అంది.

పోయినసారి తర్వాత ఆ పిలుపు ఇంట్లో ఎవర్నీ పలకనివ్వలేదు నేను. పలికితే ఏమవుతుందోనని భయం.

"ఆఁ, నేనే అమ్మమ్మని," అన్నాను, బయట వరండాలో ఉన్న మా ఆయనకి కూడా వినిపించేలా.